మరీ బాగున్న రిజిస్టరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

"నీ వృత్తి గురించి కాసేపు మాట్లాడు, కాస్త పిల్లలకు పనికొచ్చేలా ఉండాలి" అన్నారు కమిటీవాళ్లు. నా వృత్తి కాంక్రీటు. దాని గురించి మాట్లాడితే పిల్లలు నిద్రపోతారు, పెద్దలు లేచిపోతారు. అందుకని మన లెక్కల మాస్టారు మొదలుపెట్టిన ఒక లెక్క గురించి చెబుతాను. మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. తప్పు చెబితే అక్కడి నుంచే అనండి మాస్టారూ, మాకు అలవాటే.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు మా నలభై రెండు మందినీ వరండాలోకి తీసుకెళ్లారు. అదిగో, ఆ వరండాయే. ప్రతివాడూ తన స్కేలుతో దాని పొడవు కొలిచి, చీటీ మీద రాసి ఇవ్వాలి. ముప్పై సెంటీమీటర్ల స్కేలుతో అంత వరండా కొలవడమంటే మోకాళ్ల మీద పాకడమే. నేను సగం దాకా పాకి, దాన్ని రెట్టింపు చేసి, 24 మీటర్ల 38 సెంటీమీటర్లు అని రాసి అందరికంటే ముందు ఇచ్చేశాను. లెక్కల్లో నాకు మంచి పేరుండేది. అదే కొంప ముంచింది. నా చీటీ చూసి పక్కవాడు రాశాడు, వాణ్ని చూసి ఇంకోడు.

మాస్టారు చీటీలన్నీ బల్ల మీద కుప్పలు పోశారు. ముప్పై ఒకటి ఒకే కుప్ప. మమ్మల్ని కొట్టలేదు. "ఒరే, ఇంతమంది ఒక్క మాటే చెబుతున్నారంటే కొలిచినవాడు ఒక్కడన్నమాట. వాడైనా పూర్తిగా కొలిచాడో లేదో" అన్నారు. నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ బాధ అనిపించింది.

మర్నాడు ఒక్కొక్కరినే పంపి కొలిపించారు. నలభై రెండు సమాధానాలూ బోర్డు మీద అయిదు సెంటీమీటర్లకో గడి చొప్పున చుక్కలు పెట్టారు. మధ్యలో చుక్కలు గుంపుగా, అటూ ఇటూ పోయేకొద్దీ పలచబడుతూ, బోర్లించిన గంటలా ఒక ఆకారం వచ్చింది. దాని పేరు ఆయన చెప్పలేదు. సామాన్య విభాజనం అనే మాట నేను కాలేజీలో విన్నాను. కానీ వినగానే కళ్లముందు కనిపించింది ఆ బోర్డే.

ఇక కాంక్రీటు దగ్గరికి వస్తాను.

ఎం20 రకం కాంక్రీటు అంటే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం ఉండాలి. ఉందో లేదో తెలుసుకోవడానికి పోస్తున్న మాలులోంచే తీసి, 150 మిల్లీమీటర్ల క్యూబులు చేస్తాం. ఒక నమూనాకి మూడు క్యూబులు. నీళ్లలో నానబెట్టి, ఇరవై ఎనిమిదో రోజున యంత్రంలో పెట్టి నలగ్గొడతాం. మూడింటి సగటే ఒక ఫలితం. ఒకే సిమెంటు, ఒకే ఇసుక, ఒకే కంకర, ఒకే మేస్త్రీ. అయినా ఏ రెండు ఫలితాలూ ఒకటి కావు. పొద్దున ఇసుకలో తేమ ఎక్కువ. మధ్యాహ్నం ఎండకి మాలు బిగుసుకుంటే ఎవరో ఒక డబ్బా నీళ్లు గుమ్మరిస్తారు. ఒక గమేళా నిండుగా పడుతుంది, ఇంకోటి వెలితిగా. ఇలాంటి చిన్న చిన్న తేడాలు చాలా కలిస్తే వచ్చేది మళ్లీ ఆ బోర్డు మీది గంటే.

అందుకే మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 "ప్రతి క్యూబూ 20 దాటాలి" అని అడగదు. వంద ఫలితాల్లో అయిదుకు మించి 20 కంటే కిందికి పోకూడదని మాత్రమే అడుగుతుంది. గంట ఆకారంలో కింద అయిదు శాతం తెగే చోటు సగటుకి 1.65 ప్రామాణిక విచలనాల దిగువన ఉంటుంది. కాబట్టి మనం గురిపెట్టాల్సిన సగటు 20 కాదు. 20కి 1.65 రెట్ల విచలనం కలిపితే వచ్చేది. విచలనం 4 అనుకుంటే 26.6.

ఇక్కడ చాలామంది ఇంజనీర్లే పొరబడతారు. ఒక సైటులో సగటు 28, విచలనం 6. ఇంకో సైటులో సగటు 26, విచలనం 3. ఏది మంచి కాంక్రీటు? సగటు చూసి మొదటిదంటారు. లెక్క కట్టండి. మొదటిదాంట్లో అయిదు శాతం గీత 18.1 దగ్గర పడుతుంది, అంటే తప్పింది. రెండోదాంట్లో 21 దగ్గర, అంటే నెగ్గింది. క్లాసులో మన సగటు మార్కులు బాగున్నాయని మురిసిపోయిన హెడ్మాస్టర్లు ఇక్కడున్నారు, వాళ్లకి వివరించక్కర్లేదు.

అయితే ఆ సగటూ ఆ విచలనమూ మనకెవరూ చెప్పరు. ఆ కాంక్రీటు అసలు సగటు ఏమిటో ఎవరికీ తెలియదు. కొన్ని క్యూబులు నలగ్గొట్టి ఊహించాలి. ఉదాహరణకి అయిదు ఫలితాలు: 24, 29, 22, 31, 24. మొత్తం 130, సగటు 26. సగటు నుంచి ఎడాలు: రెండు తక్కువ, మూడు ఎక్కువ, నాలుగు తక్కువ, అయిదు ఎక్కువ, రెండు తక్కువ. వర్గాలు కలిపితే 4, 9, 16, 25, 4 వెరసి 58. ఇప్పుడు దేనితో భాగించాలి? అయిదు ఫలితాలు కదా, అయిదుతో అంటారు పిల్లలు. నాలుగుతో అంటుంది మా పుస్తకం. నా పాత క్యాలిక్యులేటరులో దీనికి రెండు మీటలుండేవి, ఒకదాని మీద ఎన్, ఇంకోదాని మీద ఎన్ మైనస్ వన్. ఇంజనీరింగు నాలుగేళ్లూ ఏది నొక్కాలో బట్టీపట్టానే తప్ప ఎందుకో అడగలేదు.

కారణం ఇది. మనం ఎడాలు కొలిచింది అసలు సగటు నుంచి కాదు, ఈ అయిదు అంకెల్లోంచే పుట్టిన సగటు నుంచి. ఆ సగటు ఈ అంకెలకి చుట్టం, ఎప్పుడూ వాటి పక్షమే. అసలు సగటు 27 అనుకుందాం. అప్పుడు ఎడాల వర్గాలు 9, 4, 25, 16, 9. మొత్తం 63. మన 58 కంటే ఎక్కువ. అసలు సగటు 25 అనుకున్నా 63 వస్తుంది. ఏ ఇతర అంకె నుంచి కొలిచినా 58 కంటే ఎక్కువే వస్తుంది. అంటే మన సొంత సగటు నుంచి కొలిస్తే చెదురు ఎప్పుడూ కాస్త తక్కువగా కనిపిస్తుంది. ఆ కొరత పూడ్చడానికే అయిదుకి బదులు నాలుగు. ఇంకోలా చెప్పాలంటే, ఎడాల మొత్తం ఎప్పుడూ సున్నా కాబట్టి నాలుగు తెలిస్తే అయిదోది చెప్పకుండానే తెలిసిపోతుంది. స్వతంత్రంగా సాక్ష్యం చెబుతున్నవి నాలుగే. 58ని నాలుగుతో భాగిస్తే 14.5, వర్గమూలం 3.8. అయిదుతో భాగించి ఉంటే 3.4 వచ్చి మనల్ని మనమే మెచ్చుకునేవాళ్లం.

ఈ 3.8ని ఎంతవరకు నమ్మొచ్చు? అయిదు ఫలితాలతో అయితే పెద్దగా నమ్మకూడదు. లెక్క ప్రకారం అసలు విచలనం 2.3 నుంచి దాదాపు 11 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, అదీ నూటికి తొంభై అయిదు పాళ్ల భరోసాతో. ముప్పై ఫలితాలుండి విచలనం 4 వస్తే, అసలుది 3.2కీ 5.4కీ మధ్య ఉందనొచ్చు. అందుకే ఐ.ఎస్. 456 కనీసం ముప్పై ఫలితాలుంటే తప్ప సొంత విచలనం చెప్పుకోనివ్వదు. అప్పటిదాకా పట్టికలో ఇచ్చిన విలువే వాడాలి. ఎం20కి 4. తూకం వేయకుండా గమేళాలతో కలిపే సైటైతే ఇంకో 1 కలుపుకోమంటుంది. సగటు అంతకంటే త్వరగా కుదురుకుంటుంది. ముప్పై ఫలితాల సగటులో ఉండే ఊగిసలాట, విచలనాన్ని ముప్పై వర్గమూలంతో భాగించినంత, అంటే ముప్పావు న్యూటను లోపే.

కొద్దిపాటి నమూనాలతో ఎంత నమ్మకంగా మాట్లాడొచ్చో మొదట తేల్చినవాడు కూడా ఉద్యోగస్తుడే. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన గోసెట్. 1908లో ఆ పరిశోధన అచ్చయింది. ఉద్యోగులు సొంత పేరుతో రాయడానికి కంపెనీ ఒప్పుకోదు గనక ఆయన 'స్టూడెంట్' అని సంతకం పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఆ పద్ధతిని అందరూ స్టూడెంట్ పేరుతోనే పిలుస్తారు. బడిలో చెప్పుకోదగ్గ పేరే.

ఇంకో పేరు మన వాళ్లది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్.రావు గారు. 1945లో, ఇరవై అయిదేళ్ల వయసులో ఆయన వేసిన ప్రశ్న ఇది: ఉన్న సమాచారంతో ఎంత తెలివైన పద్ధతి వాడినా, పక్షపాతం లేని అంచనాలో ఊగిసలాట ఎంతకంటే తగ్గదు? దానికొక కింది హద్దు ఉందని చూపించారు. గంట ఆకారంలో ఉన్న అంకెల విషయంలో మామూలు సగటు సరిగ్గా ఆ హద్దుని తాకుతుంది. అంటే మన మాస్టారు ఆరో తరగతిలో నేర్పిన కూడి భాగించడాన్ని మించిన ఉపాయం అక్కడ లేదు. 2023లో, నూట రెండేళ్ల వయసులో రావుగారు పోయారని పేపర్లో చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ముక్కే.

సగటుకి ఒక బలహీనత ఉందిలెండి. ఇందాకటి అయిదింటిలో 29ని ఎవరైనా పొరపాటున 92 అని ఎక్కించారనుకోండి, సగటు 26 నుంచి 38.6కి ఎగిరిపోతుంది. మధ్యగతం 24 దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. అందుకని నేను రెండూ చూస్తాను. రెండూ ఎడమొహం పెడమొహంగా ఉంటే రిజిస్టరు తిరగేస్తాను.

రిజిస్టరు అంటే ఇక అసలు సంగతికి వచ్చినట్టే.

2003. ఒక పట్టణంలో ఆడపిల్లల హాస్టలు కడుతున్నారు. కట్టేవాళ్ల పేర్లు అనవసరం. నాణ్యత చూసే బాధ్యత నాది. క్యూబులు నలగ్గొట్టే ప్రతిసారీ నేను పక్కనుండాలి. నాకు అప్పట్లో ఇంకో సైటు కూడా ఉండేది. వారం చివర వచ్చేసరికి రిజిస్టరు బల్ల మీద సిద్ధంగా ఉండేది. చూసి సంతకం పెట్టేవాణ్ని. అంకెలన్నీ 26, 27. తప్పుబట్టడానికి ఏముంది?

ఒక వానాకాలం మధ్యాహ్నం పని ఆగిపోయింది. సైటాఫీసులో రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఊరికే కూర్చోలేక ముప్పై ఫలితాలూ క్యాలిక్యులేటరులో కొట్టాను. సగటు 26.4. బ్రహ్మాండం. రెండో మీట నొక్కాను. 0.6.

కొట్టడంలో తప్పు జరిగిందనుకుని మళ్లీ కొట్టాను. మళ్లీ 0.6. ముప్పై ఫలితాల్లో అన్నిటికంటే తక్కువ 25.3, అన్నిటికంటే ఎక్కువ 27.6. గమేళాలతో కొలిచి, వానలో తడిసిన ఇసుకతో, ఇద్దరు మేస్త్రీలు మారిన సైటులో! అసలు విచలనం 4 ఉన్నచోట ముప్పై ఫలితాలకి 0.6 రావడానికి ఎంత అవకాశమో తర్వాత లెక్కేశాను. సున్నా, బిందువు, ఆ తర్వాత పద్దెనిమిది సున్నాలు, అప్పుడొస్తుంది ఒక అంకె.

కానీ ఆ మధ్యాహ్నం నాకు లెక్కేమీ తట్టలేదు. బల్ల మీద ముప్పై ఒక్క చీటీల కుప్ప కనిపించింది.

దొంగ అంకెలు రాసేవాడు సగటు విషయంలో జాగ్రత్తపడతాడు. విచలనం సంగతి వాడికి తట్టదు. మంచి కాంక్రీటంటే మంచి అంకెలు, మంచి అంకెలంటే దగ్గరదగ్గరగా ఉండాలనుకుంటాడు. నిజం అంత పొందిగ్గా ఉండదని వాడికి ఏ మాస్టారూ చెప్పి ఉండరు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ముప్పైలో ఒక్కటీ 20 కిందికి రాలేదన్నది అంత పెద్ద రుజువు కాదు, నిజాయితీగల సైటులో కూడా అయిదింట ఒకసారి అలా జరగొచ్చు. పట్టిచ్చింది కింది అంకెలు లేకపోవడం కాదు, 31, 32 కూడా లేకపోవడం.

ల్యాబ్ కుర్రాణ్ని పిలిచి అడిగాను. ముందు బుకాయించాడు. "బాగా వస్తే కూడా తప్పేనా సార్?" అన్నాడు. యంత్రం డయల్ చెడిపోయి రెండు నెలలైందట. ఒక్కో క్యూబు మీద 585 కిలోన్యూటన్లు పడితే 26 బలం వస్తుందని ఎవరో చెప్పారు, దాని చుట్టుపక్కల 580, 590, 595 అని రాసుకుంటూ పోయాడు. అలా రాయమన్నదెవరో చెప్పలేదు, చెప్పకపోయినా నాకు తెలుసు. చివర్లో తల వంచుకుని ఒక మాటన్నాడు: "మీరూ సంతకాలు పెట్టారు కద సార్."

పద్దెనిమిది సంతకాలు. లెక్కపెట్టాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నోరు మూసుకుంటే రిజిస్టరు సక్రమంగా ఉంది, ఎవరూ ఏమీ అనరు. కాంక్రీటు నిజంగా బాగానే ఉండొచ్చు కూడా. బాగాలేదని నా దగ్గర రుజువేమీ లేదు. కొలవలేదని మాత్రమే రుజువుంది. మర్నాడు పై అధికారికి రాతపూర్వకంగా ఇచ్చాను, నా పద్దెనిమిది సంతకాల సంగతితో సహా.

కట్టిన భాగాల్లోంచి కోర్లు తీశారు. శ్లాబులు నెగ్గాయి. కింది అంతస్తులో ఒక వరస స్తంభాల్లో మూడు కోర్లు 16.2, 14.1, 17.5 వచ్చాయి. మూడింటి సగటు 85 శాతం, అంటే 17 ఉండాలి. ఏ ఒక్కటీ 75 శాతం, అంటే 15 కంటే తగ్గకూడదు. రెండూ తప్పాయి. ఆ వరసలో ఎనిమిది స్తంభాలకీ చుట్టూ కమ్మీ కట్టి మళ్లీ కాంక్రీటు పోసి లావు చేయాల్సి వచ్చింది. భవనం నాలుగు నెలలు ఆలస్యమైంది. ఆ సంవత్సరం ఆ పిల్లలు అద్దె ఇంట్లోనే చదువుకున్నారు, ఆ తిట్లూ నాకే తగిలాయి.

ఆ తర్వాత యంత్రం బాగుచేయించి, ప్రతి క్యూబుకీ పక్కన నిలబడ్డాను. మొదటి ముప్పై ఫలితాలకి సగటు 25.1, విచలనం 4.6. అయిదు శాతం గీత 17.5 దగ్గర. అంటే మాలే తప్పు. సిమెంటు పెంచుదామన్నారు అందరూ. నేను తూకం యంత్రం తెప్పించమన్నాను. పొద్దునే ఇసుక తేమ చూసి నీళ్లు తగ్గించడం, డబ్బాతో నీళ్లు గుమ్మరించకుండా మేస్త్రీకి నచ్చజెప్పడం, అంతే. విచలనం 3.4కి దిగింది. 4.6 ఉంటే 27.6కి గురిపెట్టాలి, 3.4 ఉంటే 25.6 చాలు. ఆ రెండు న్యూటన్ల సిమెంటు ఖర్చు ప్రతి బస్తాలోనూ మిగులుతుంది. సగటు పెంచడానికి డబ్బు కావాలి, విచలనం తగ్గించడానికి మనుషులు కావాలి. మొదటిది సులభమని అందరూ దానికే పోతారు.

ఆ కుర్రాణ్ని ఉద్యోగంలోంచి తీసేశారు. నాకు ఒక మెమో ఇచ్చారు. రాయమని చెప్పినవాళ్లకి అదీ లేదు. వాడి తరఫున నేను ఒక ఉత్తరం రాసి ఉండొచ్చు. రాయలేదు. ఆ పని పూర్తయి బయటపడితే చాలనుకున్నాను. తర్వాత రెండుమూడు చోట్ల వాకబు చేశాను, ఎక్కడున్నాడో తెలియలేదు. ఈ సంగతి మాస్టారికి ఎప్పుడో చెప్పాల్సింది, ఇవాళ ఇంతమంది ముందు చెబుతున్నాను. ఇంకోటి కూడా మాస్టారూ, 24 మీటర్ల 38 నాదే. మీకు అప్పుడే తెలుసని నాకు తెలుసు.

భోజనాలకి ఇంకో అరగంట ఉందంటున్నారు. వరండా మొదట్లో ఒక బల్ల మీద నలభై రెండు స్కేళ్లు, చీటీల కట్ట పెట్టించాను. మోకాళ్లు బాగున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి కొలిచి రండి. పక్కవాడి చీటీ చూడొద్దు, ముఖ్యంగా నాది.